అత్తకు పడని నీళ్లు

పరదేశానికి బయలుదేరే ముందు పాస్‌పోర్టు ఉందో లేదో సంచి తడిమి తడిమి చూసుకునే మీరు, అక్కడ కడుపు చెడితే ఏ నీళ్లు తాగాలో ఎవరినైనా అడిగారా?

మొన్న చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన రంజన్లు అమ్ముతున్నారు. కొనేవాడొకడు కారుతుందేమోనని ఒక రంజన్లో నీళ్లు పోయించాడు. కాలిన మట్టి తడిసిన వాసన లేచింది. ఆ వాసనకు నేను కదలలేక నిలబడిపోయాను.

జహీరాబాద్ శివారులోని మా ఇంట్లో ఎండాకాలం వస్తే వంటింటి గుమ్మం పక్కన ఇసుక పోసి, దాని మీద ఇలాంటి పెద్ద మట్టి రంజన్ పెట్టి, చుట్టూ తడి గోనెపట్టా చుట్టేవాళ్లు. కారిన నీళ్లు వృథా పోకుండా మేం అవ్వ అని పిలిచే నాయనమ్మ ఆ ఇసుకలో చల్లిన మెంతులు మొలకెత్తి, మా అరికాళ్లకు చల్లగా, మెత్తగా తగిలేవి. చెరుకు గడలు నమిలి నమిలి పెదవుల మూలలు పగిలినా, కోహీర్ జామకాయలకు ఉప్పూకారం అద్దుకుని నాలుక మండించుకున్నా, పరుగెత్తుకొచ్చి చెంబు ముంచేది ఆ రంజన్లోనే. చలికాలంలో ఎల్లమాస పండుగనాడు ఇల్లిల్లూ చేను చేరేది. సజ్జరొట్టెలు, దొరికిన కాయగూరలూ పచ్చిగింజలూ అన్నీ కలిపి వండిన భజ్జి, కుండెడు అంబలి తిని, చివరికి బావి నీళ్లు దోసిలి పట్టి తాగి, ఇంత తియ్యటి నీళ్లు భూమ్మీద ఎక్కడా లేవని పెద్దలు తీర్మానించేవాళ్లు. మేమూ నమ్మేవాళ్లం.

రాయికోడ్‌కు ఇచ్చిన మా మేనత్త పుట్టింటికి వచ్చినప్పుడల్లా అక్కడి నీళ్లు ఒక చెంబులో, మూతికి గుడ్డ కట్టి తెచ్చేది. చెప్పులు విడవగానే ఆ నీళ్లను మా రంజన్లో పోసి, కలియబెట్టి, అప్పుడు తాగేది. తిరిగి వెళ్లేటప్పుడు మా బావి నీళ్లు పట్టుకెళ్లేది. పాత నీళ్లు కలిపితే కొత్త నీళ్లు ఒంటికి పడతాయని మా వైపు ఆడవాళ్ల నమ్మకం.

"అత్తా, మీ నీళ్లు, మా నీళ్లు నీ కడుపుల కొట్లాడుకోవా?" అని ఆటపట్టించేదాన్ని.

"కొట్లాడుకోవద్దనే గదనే పిల్లా, ముందుగాల్నే దోస్తానా కుదురుస్తున్న" అని నా ముక్కు పిండేది.

బీదరు దాటి ఎరగని ఆ మనిషికి, ఊరివాళ్లతో కలిసి యాత్రా బస్సులో కాశీకీ, అక్కడి నుంచి నేపాల్‌కూ పోయే అవకాశం వచ్చింది. బస్సెక్కేది జహీరాబాద్‌లోనే కాబట్టి మా ఇంట్లో పెళ్లంత సందడి. పెనం మీద కాల్చి ఎండబెట్టిన జొన్నరొట్టెలు, బెల్లం కలిపిన పల్లీల ముద్దలు, వాటన్నిటి పక్కన మా బావి నీళ్లు నింపిన పెద్ద డబ్బా. మా బాపు దేనికైనా రుజువు అడిగే మనిషి. చాయ హోటల్లో ఆయన వాదానికి కూర్చుంటే పక్క బెంచీలు ఖాళీ చేసి అందరూ ఆయన చుట్టూ చేరేవాళ్లు. నేను వాదించడం నేర్చుకున్నది ఆయన దగ్గరే.

"అక్కా, గీ డబ్బా ఎందుకు మోసుడు? బస్సుల వంట పొయ్యి ఉంటది. నీళ్లు కాగవెట్టి, సల్లార్చి తాగు" అన్నాడు బాపు.

అవ్వ ఊరుకోలేదు. "కాగిన నీళ్లు బాలింతలకు ఇస్తరు. నా బిడ్డకు ఏం రోగమొచ్చింది?"

"మన బావిల అమృతం ఉన్నదా అవ్వా? గా డబ్బాను సూడంగనే నేపాల్ల పురుగులు దండం వెట్టి పక్కకు జరుగుతయా?"

ఇల్లంతా నవ్వింది. అత్త నవ్వలేదు. "నీ ఎక్కిరింపులు నీ హోటల్ల వెట్టుకో తమ్మీ" అని డబ్బా తానే ఎత్తుకుని బస్సెక్కింది. బాపు మాట నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ అక్కడ కడుపు చెడితే ఏం చేయాలన్న ఒక్క ముక్క ఆ నవ్వుల్లో ఎవరి నోటా రాలేదు.

బస్సు తిరిగొచ్చింది, అత్త లేకుండా. దహనం కూడా అక్కడే జరిగిపోయింది. ఆమె పక్క సీట్లో కూర్చున్న రాయికోడ్ సుశీలమ్మ మా అవ్వను పట్టుకుని ఏడుస్తూ చెప్పింది.

"వాంతులు, బేదులు మొదలైనయమ్మా. నేపాల్ నీళ్లు పడ్తలెవ్వని మాకు సమజైంది. మన డబ్బా నీళ్లు ఒడిసిపోయినయ్. ఇగ సుక్క నీళ్లు నోట్ల పోయనియ్యలె. దూప, దూప, నీళ్లియ్యుండ్రి అని అడుగుతనే ఉన్నది పాపం. అందరం గట్టిగున్నం. తోడబుట్టినోళ్ల లెక్క సూస్కున్నం. దవాఖానకు తీస్కపోయెటాల్లకే పానం వోయింది."

ఆమె తన సేవ గురించి చెబుతున్నాననుకుంది. మా అవ్వ ఆమె చేతులు కళ్లకద్దుకుంది. బాపు మాత్రం గోడకు జారగిలబడి అలాగే కూర్చుండిపోయాడు.

రోగం ఏ నీళ్లతో వచ్చిందో నేను చెప్పలేను; అక్కడివో, మూత తీసి తీసి వాడిన మా డబ్బావో, ఎవరూ పరీక్షించలేదు. కానీ ఒంట్లో నీరంతా పోతున్న మనిషికి నీళ్లు ఆపేశారు. ద్వేషంతో కాదు, ప్రేమతో. మా వంశమంతా దానికి పెట్టిన పేరు "నేపాల్ నీళ్లు పడలే". ఆ ఒక్క మాటతో విచారణ ముగిసింది. ఎవరినీ ఏమీ అడగక్కర్లేకుండా చేసే ఇలాంటి మాటలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చాలా ఏళ్లకు బాపు నాతో అన్నాడు: "ఆనాడు అందరిని నవ్వించిన, బిడ్డా. చెప్పాల్సింది చెప్పలే."

ఇప్పుడు ఆ బావి లేదు. పూడ్చి ప్లాట్లు చేశారు. నీళ్లు ఆటోలో క్యాన్లకొద్దీ వస్తాయి. చెంబు మూతికి గుడ్డ కట్టి తెచ్చే ఆడబిడ్డలూ లేరు. పోయినవాటిలో కొన్నిటికి నేను బాధపడను. పోవలసింది ఒకటి మాత్రం చెక్కుచెదరలేదు. అత్త చనిపోయేనాటికి చిన్నపిల్ల అయిన ఆమె కూతురు, నా మరదలు, వచ్చే వారం బ్యాంకాక్ టూరుకు పోతోంది. నీళ్ల సంగతేమిటని అడిగాను.

"బాటిల్ నీళ్లే తాగుత, ఫికర్ జెయ్యకు. కడుపు ఖరాబైతే ఒకరోజు నీళ్లు బంద్ వెడితె అదే సక్కగైతది."

నేను ఆమె పక్కన కూర్చుని, తల్లి ఎలా పోయిందో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. నేను ఆపలేదు.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ప్రయాణానికి సర్దుకుంటూనే ఉంటారు. ఇవాళే వాళ్ల పక్కన కూర్చోండి. ఎగతాళి చేయకుండా చెప్పండి: మరిగించిన నీళ్లు గానీ, సీలు తెగని సీసా నీళ్లు గానీ తాగాలి; ఎక్కడి నీళ్లతో చేశారో తెలియని ఐసుముక్క ముట్టకూడదు; వాంతులు, విరేచనాలు పట్టుకుంటే సురక్షితమైన నీళ్లలో ఓఆర్ఎస్ పొడి కలిపి గుక్కగుక్కగా తాగుతూనే దవాఖానకు పోవాలి. ఆ పొట్లాలు మీరే కొని వాళ్ల సంచిలో పెట్టండి. దాహమన్న మనిషికి నీళ్లు ఆపకండి.