పోగు కింద మెత్తటి గుడ్డ

నా చిన్నప్పుడు సిరిసిల్లలోని మా ఇంట్లో కోపం తెచ్చుకునే హక్కు ఒక్కరికే ఉండేది. ఆయన మా పెద్దనాన్న. అమ్మ పోయాక నాన్న నన్ను ఆయన దగ్గర వదిలి మస్కట్ వెళ్లాడు. ముందు గదిలో రెండు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, పొద్దంతా దడదడలాడేవి. వెనక గదిలో నాయనమ్మ, నేను. నాయనమ్మ ఎంత మంచిదో వాడంతా చెప్పుకునేది, ఇప్పటికీ చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి, నేను చెప్పేది వేరు.

నాది పుర్రచెయ్యి. అన్నమైనా, కలమైనా, చీపురైనా ముందు ఎడమచెయ్యే పోయేది. అది ఇంటికి అరిష్టమని, ఏడో తరగతి పరీక్షలకు మూడు నెలల ముందు పెద్దనాన్న పట్టుబట్టాడు. నేను తినేటప్పుడూ రాసుకునేటప్పుడూ నా ఎడమ మణికట్టును సాంచా పోగులతో నా లంగా బొందుకు కట్టేసేవాడు. తెగిన దారాలను అతికేటప్పుడు మావాళ్లు వేసే ముడి అది, లాగినకొద్దీ బిగుస్తుంది. కత్తెర పెట్టి కోయాల్సిందే. నూలు కండెలు చుట్టడానికి మాత్రం రెండు చేతులూ కావాలి కదా, ఆ వేళకు తనే కోసేవాడు. ఆయన పనికి వచ్చేసరికి నా ఎడమచేతికి ఏ అరిష్టమూ లేదు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

కుడిచేత్తో నా రాత కోడి గెలికినట్టు ఉండేది. పరీక్ష తప్పితే బడి బంద్, ఇక ఇంట్లో కూర్చుని కండెలు చుట్టడమే అని ఆయన ముందే చెప్పేశాడు. తప్పుతానని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఇక నాయనమ్మ. పోగు నా చేతిని కోయకుండా తన పాత చీర చింపి, మణికట్టు చుట్టూ మెత్తటి గుడ్డ పెట్టేది. ఆ గుడ్డ మీద ఆయన ముడి వేసేవాడు. తర్వాత వెన్న రాస్తూ, "మీ పెద్దబాపు నీ మంచికే చేస్తుండు బిడ్డా, జర ఓర్చుకో" అనేది. ఒకరోజు ఆయన కోయడం మరిచి మేడిపల్లిలో పెళ్లికి పోయాడు. పొద్దుగూకేదాకా నా చెయ్యి కట్టే ఉంది. కత్తెర సాంచా పక్కన మేకుకు వేలాడుతోంది. నేను దాన్ని ముట్టుకుంటే వీపు చిట్లుతుంది. నాయనమ్మ ముద్దలు కలిపి తినిపించింది, కళ్లు తుడుచుకుంది, కత్తెర జోలికి పోలేదు. ఆమె ఏడుస్తుంటే నాకే జాలేసింది చూడండి, అంత పిచ్చిదాన్ని.

పరీక్షలకు పది రోజులుందనగా మా మేనత్త కోరుట్ల నుంచి వచ్చింది. పెద్దనాన్నకు అక్క. బీడీలు చుట్టి బతికే మనిషి. ఆమె నోటికి జడిసి వాడలో ఆడవాళ్లు తలుపులు దగ్గరికి వేసుకునేవారు. నన్ను ఎన్నడూ దగ్గరికి తీసి ఎరగదు. కొండగట్టులో మొక్కు తీర్చుకుని, తల్లికి ప్రసాదం ఇచ్చి పోదామని వచ్చింది. కట్టుతో అన్నం తింటున్న నన్ను ఎగాదిగా చూసింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలు ఆగాయి. పెద్దనాన్న నా కట్టు కోయకుండానే మంచమెక్కి గురక పెట్టాడు. అత్త మెల్లగా లేచి, నాలుగు పోగులు కలిపి పేని, ఆయన కుడి మణికట్టును ఆయన మొలతాడుకే కట్టింది. అదే ముడి. ఆమె కూడా ఆ ఇంటి బిడ్డే కదా.

కరెంటు వచ్చింది. వాడలో సాంచాలన్నీ మొదలయ్యాయి. ఆయన ఉలిక్కిపడి లేచి చెయ్యి లాగాడు. మొలతాడు నడుమును కోసింది.

"ఏంది అక్కా గీ పని! తియ్యి!"

"గుంజకురా తమ్మి, బిగుస్తది. ఎడమచెయ్యి ఖాళీగనే ఉన్నది గద, దాంతోని ఇప్పుకో."

గోళ్లతో గీరాడు, బూతులు తిట్టాడు. ముడి రాలేదు. నాయనమ్మ గోడు గోడున ఏడుస్తూ నావైపు తిరిగి, "జర నువ్వన్న ఇప్పు బిడ్డా" అంది. ఒక చెయ్యి కట్టేసి ఉన్న నాతో!

"నేను ఇప్ప" అన్నాను. ఆ ఇంట్లో నేను కాదన్న మొదటి మాట అదే.

అప్పుడు నాయనమ్మ పరుగెత్తింది. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని నడిచే మనిషి, ముందు గదిలోకి పరుగెత్తి కత్తెర తెచ్చి కొడుకు చేతి పోగు కోసేసింది. ఎవరినీ అడగలేదు. కోసి, కత్తెర మళ్లీ మేకుకు తగిలించబోయింది. నా చెయ్యి కట్టే ఉంది.

అత్త ఆ కత్తెర లాక్కుంది. "గంతే గదనే అవ్వా! గింత చిన్న పని గీ పోరికెందుకు చెయ్యకపోతివి?"

"ఇంట్ల లొల్లెందుకని..." అంటూ నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త నా కట్టు కోసి, ఆ మెత్తటి గుడ్డ తీసి తల్లి ఒళ్లోకి విసిరింది.

పరీక్షలయ్యేదాకా అత్త ఊరికి పోలేదు. గడపలో చాట ముందేసుకుని బీడీలు చుడుతూ కూర్చుంది. పెద్దనాన్న నా చేతి జోలికి రాలేదు. ఎడమచేత్తో రాసి పాసయ్యాను. తర్వాత కోరుట్లలో ఆమె దగ్గరే చదువుకున్నాను. ముద్దు చేసిందేమీ లేదు, రోజూ తిట్లతోనే తెల్లారేది. నేను ఏ చేత్తో రాస్తున్నానో మాత్రం ఏనాడూ చూడలేదు.

పెద్దనాన్న మీద కోపం ఎప్పుడో చల్లారింది. ఆయన మోటు మనిషి, దాచుకున్నదేమీ లేదు. నాయనమ్మ మీదే చల్లారలేదు. ఆఖరి రోజుల్లో ఆమెకు నేనే చేశాను, ఒళ్లు తుడిచాను, తల దువ్వాను. ఒకనాడు నీళ్లడిగితే ఎడమచేత్తో గ్లాసు అందించాను. అంత నీరసంలోనూ మెత్తగా అంది:

"కుడిచేతితోని ఇయ్యి బిడ్డా. ఎవలన్న చూస్తరు."

"చూస్తే చూడనీ" అన్నాను. చెయ్యి మార్చలేదు. ఆ చేతి నీళ్లే తాగింది. ఆమె గుర్తొస్తే ఇప్పటికీ ఏడుస్తాను. ఏడుస్తూనే తిడతాను.