జేబులో తవుడు

హెడ్ కానిస్టేబుల్ హసన్ పంచనామా రాస్తే దాన్ని ఎవరూ దిద్దనక్కర్లేదని కొల్లేటి వైపు స్టేషన్లలో పేరు. తండ్రి ఏలూరులో పుస్తకాలు కుట్టేవాడు. అంచు వంకర వస్తే కుట్లన్నీ విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. అది చూస్తూ పెరిగిన హసన్ ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్కటే నియమం పెట్టుకున్నాడు. కనబడింది రాయాలి, అనుకున్నది రాయకూడదు.

ఆ ఉదయం డ్రెయిన్‌లో గుర్రపుడెక్క మధ్య తేలిన శవం జీవరత్నానిది. ప్రేమ్‌కుమార్ చేపల చెరువుల దగ్గర కాపలా మనిషి. ద్వారకా తిరుమల గుడి బందోబస్తులో ఉన్న ఎస్సై ఫోన్ చేశాడు. "తాగి పడిపోయాడంట. అలాగే రాసేసి ఏలూరు పంపించెయ్యండి."

గట్టు మీద గొంతుక్కూర్చుని, అట్ట మీద కాగితం పెట్టుకుని హసన్ రాయడం మొదలుపెట్టాడు. పక్కనే కానిస్టేబుల్ కొండలరావు. పదకొండేళ్లుగా ఇద్దరిదీ ఒకే బండి, ఒకే బీటు. మామూలుగా అయితే, "గుండీలు కూడా లెక్కెడతారేంటండీ, మీరు పోలీసా, టైలరా?" అని ఆటపట్టించేవాడు. ఆ రోజు నోరు విప్పలేదు. 'చొక్కా ఎడమ జేబులోను, నోటి మూలల్లోను తడిసిన తవుడు' అని హసన్ రాశాడు. సాక్షులుగా నిలబడ్డ పంచాయతీదారులు ఐదుగురూ సంతకాలు పెట్టేశారు.

శవంతో పాటు ఇద్దరూ వ్యాన్ వెనక ఎక్కారు. రోడ్డెక్కాక కొండలరావు దగ్గరికి జరిగాడు.

"సార్, ఆ తవుడు మాట తీసెయ్యండి."

"ఏం, తవుడు కాదా అది?"

"తవుడేనండి. మీరు టౌన్ వాళ్లు, మీకు తెలీదు. చేపల మేతకి తవుడు సంచులకి చిల్లులెట్టి చెరువులో కర్రలకి కడతామండి. డ్రెయిన్‌లోకి తవుడెలా వస్తుందండీ? మా లంకల్లో ఎవరు చదివినా చెప్పేస్తారు, వీడు చెరువులో పోయాడని."

హసన్ చేతిలోని పంచనామా మళ్లీ చదివాడు. తాను రాసిన ఆ మాటకు అంత అర్థం ఉందని అప్పటిదాకా తనకే తెలియదు.

"నీకెలా తెలుసు?"

కొండలరావు శవం కాళ్ల వైపు చూశాడు. "చేపలు దొంగచాటుగా అమ్ముతున్నాడని కొట్టారండి. పడవలోంచి తవుడు సంచీతో సహా నీళ్లలో పడ్డాడు. తీయలేదు. కొట్టినవాళ్లలో మా తమ్ముడు బాబీ ఉన్నాడు. తెల్లారకుండా నాకు కబురెట్టారు. డ్రెయిన్ దాకా మోసేటప్పుడు... ఈ కాళ్లు నేనే పట్టుకున్నానండి."

వెనక అద్దంలోంచి ఒక తెల్లకారు కనబడుతోంది. వ్యాన్ నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తోంది.

"ప్రేమ్‌కుమార్ గారి మనుషులండి. ఎస్సై గారికి అంతా తెలుసు. దారిలోనే వేరే కాగితం రాయించమని నాకు చెప్పారు." కొండలరావు ఆగి, గొంతు తగ్గించాడు. "మీ ఇక్రా పాప గూడెంలో కాలేజీకి ఏ బస్సు ఎక్కుతుందో కూడా వాళ్లకి తెలుసండి."

"బెదిరిస్తున్నావా నన్ను?"

"నాకే కాళ్లూ చేతులూ ఆడట్లేదండీ, మిమ్మల్నేం బెదిరిస్తాను!"

హసన్ భార్యకు ఫోన్ చేశాడు. "నసీమా, ఇప్పుడే గూడెం వెళ్లు. ఇక్రాని క్లాసులోంచి తీసుకుని ముదినేపల్లి మీ అక్క గారింటికి వెళ్లిపో. ఏం అడక్కు."

ఆసుపత్రి చేరేసరికి కొండలరావు ఇచ్చిన ఖాళీ ఫారం అతని ఒళ్లో ఉంది. రాయడం ఎంతసేపు? తవుడు అన్న ఒక్క మాట వదిలేస్తే కూతురు ఎప్పటిలా బస్సెక్కుతుంది. పంచాయతీదారుల చేత మళ్లీ సంతకాలు పెట్టించడం ఎస్సైకి చిటికెలో పని. ఫారం మీద కలం పెట్టి 'శవం దుస్తులు' అన్న గడి దాకా రాశాడు. జేబు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఫోన్ మోగింది. నసీమా.

"పాప నా పక్కనే ఉంది. ముదినేపల్లి వెళ్తున్నాం. ఏమైందండీ?"

"తర్వాత చెప్తాను." కొత్త ఫారం నాలుగు ముక్కలు చేశాడు. మొదటి కాగితాన్నే ఆసుపత్రి గుమస్తాకిచ్చి, అందినట్టు రసీదు రాయించి, టైము వేయించి ముద్ర కొట్టించుకున్నాడు. ఆ రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గేటు దగ్గర తెల్లకారు ఆగి ఉంది. లోపలున్నవాడు కొండలరావుని చేత్తో పిలిచాడు. కొండలరావు అటు నడిచాడు. మొదటి కాగితమే ఇచ్చేశారని ఇప్పుడు చెప్పేస్తాడు. ఆ తర్వాత ఏమవుతుందో ఊహించడానికి కూడా హసన్‌కు ధైర్యం చాలలేదు. వెనక గుమ్మం ఎటుందా అని వెతుక్కున్నాడు.

సగం దూరం వెళ్లిన కొండలరావు నిలబడ్డాడు. వెనక్కి వచ్చి బెంచీ మీద హసన్ పక్కన కూలబడ్డాడు. చొక్కా వీపంతా చెమట.

"రాసుకోండి సార్."

"ఏంటి?"

"నా స్టేట్‌మెంటు. బాబీ పేరు కూడా చెప్తానండి. ఎస్పీ ఆఫీసు దాకా మీతో వస్తాను. ఆలస్యం చేస్తే మళ్లీ అటు నడుస్తానేమో."

కారు తలుపు తెరుచుకుంది. ఇద్దరు దిగి ఇటే వస్తున్నారు. వరండా నిండా రోగులు, బంధువులు. జనం మధ్య ఉన్నంతసేపూ ఏమీ చేయలేరని హసన్ తనకు తాను చెప్పుకున్నాడు. నమ్మకం కుదరలేదు. తెల్లకాగితం అట్ట మీద పెట్టి, కలం మూత తీశాడు.

"పేరు?" అని అడిగాడు, పదకొండేళ్లుగా తెలిసిన మనిషిని.