మడి పిలుస్తాంది

పొద్దున మా మడి గట్టు మీద నడుస్తుంటే వరి ఆకు చూపుడువేలిని కోసింది. నెత్తురు పెద్దగా రాలేదు గానీ, ఉప్పు తగిలినట్టు సన్నటి మంట. ఆ మంటతో పాటే మరియమ్మత్త గొంతు వినబడింది. "దానికీ పళ్లుంటాయి పాపా. పురుగు మేస్తాంటే ఊరకే ఉంటాదా?" ఆకు అంచును నా వేలితో ఎదురు నిమిరించి, ఆ గరుకు మొదట చూపించింది ఆమే.

మాది కంభంలో పురుగుమందుల దుకాణం. చెరువు కింద మాకున్న ఎకరంలో మరియమ్మత్త ఏళ్ల తరబడి కూలికి నాట్లు వేసింది, కలుపు తీసింది. నాయన పోయి దుకాణం నా చేతికొచ్చిన ఏడాది ఆ ఎకరాన్ని ఆమెకే కౌలుకిచ్చాను. అరవైకి దగ్గరపడ్డ మనిషికి అది సొంతంగా పెట్టిన మొదటి పైరు. "ఈ ఒక్క పంట చేతికొస్తే చాలు, ఇంక ఒకరి మడిలో వంగను," అనేది.

తీరిక దొరికినప్పుడల్లా నేనూ మడికి వెళ్లేదాన్ని. ఒకసారి ముడుచుకున్న ఆకును విప్పి చూపించింది. లోపల చచ్చిన పురుగు, దాని పక్కన బియ్యపుగింజలో సగమంత తెల్లటి గూళ్లు. "కందిరీగ పిల్లలివి. పురుగును ఇవే తినేసినాయి," అంది. "అయితే నా దుకాణం మూసుకోవాల్సిందేనా అత్తా?" అన్నాను. పగలబడి నవ్వింది.

పైరు పిలకలేసే రోజుల్లో ఆమెకు జ్వరం ముదిరింది. మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోతుంటే ఆటో ఆపించి, దుకాణం ముందు నుంచే కేకేసింది. "పాపా, మడి పిలుస్తాంది. ఒకసారి చూసి రా." అంతే, ఆటో కదిలింది. మా దుకాణంలో రోజూ వినే మాట, 'మడి మందడుగుతాంది' అని. అడగడమూ పిలవడమూ ఒకటేననుకున్నాను. నా తెలివి తగలెయ్య! ఉన్నవాటిలో గట్టి మందు తీసి, మనిషిని పెట్టి, దగ్గరుండి కొట్టించాను. ఆమెకు మేలు చేస్తున్నానన్న సంతోషం కూడా పడ్డాను.

నాలుగోనాడు ఆమె వచ్చి గట్టు మీద కూలబడింది. మడినీళ్ల మీద సాలీళ్లు, సన్నటి కందిరీగలు చచ్చి తేలుతున్నాయి.

"పురుగు కొరికితే వరి ఒక వాసనేస్తాది పాపా. ఆ వాసనకే ఈ కందిరీగలొస్తాయి. వాటిని పిలుస్తాందని, వచ్చినాయేమో చూడమని చెప్పినా," అంది. తేలుతున్న ఒకదాన్ని వేలి కొసతో తీసి చూపిస్తూ, "నిన్ను కాదమ్మా," అంది.

ఆ తర్వాత దోమపోటు వచ్చింది, వరి మొదళ్లలో చేరి రసం పీల్చే దోమ. దోమను తినే సాలీళ్లు లేవు. పైరు గుండ్రంగా చోటుచోటుగా ఎండి, నిప్పు పెట్టినట్టు మాడింది. మళ్లీ మందు కొట్టించినా ఆగలేదు. ఆమె నన్ను తిట్టలేదు. "తెలిసి చేసినావా ఏంది," అని, గడ్డి కోసుకుపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఎండాకాలమే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి కూలీలతో వెళ్లి, అక్కడే, ఒకరి చేలో పడిపోయింది. శవమే తిరిగి వచ్చింది.

నేనింకా మందులే అమ్ముతున్నాను. వచ్చినవాళ్లతో, "నాలుగు రోజులు ఆగు అన్నా, మడి వాసన చూడు," అంటాను. నవ్వుకుని పక్క దుకాణానికి పోతారు. కొందరికి నేనే ఇచ్చి పంపుతాను, నాకూ ఇల్లు గడవాలి కదా.

పొద్దున కోసుకున్న వేలితోనే ఒక ముడుచుకున్న ఆకు విప్పాను. పురుగు బలిసి ఉంది, పక్కన గూడు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి వాసన, ఆమె చెప్పిన వాసనే. ఎండెక్కేదాకా గట్టు మీదే నిలబడి చూశాను. మడి పిలుస్తూనే ఉంది. ఒక్క కందిరీగా రాలేదు.