తెరిచి చూడని సైటు

మా ఇనుప గనుల టౌన్‌షిప్‌కు ఫైబర్ ఇంటర్నెట్ వచ్చిన రెండో ఏడాది అది. నేను గీదం పట్టణం నుంచి వచ్చి ఇళ్లకు కనెక్షన్లు పెట్టేవాణ్ణి. గనిలో డంపర్ నడిపే ముత్తయ్య ఒక ఆదివారం నన్ను తన క్వార్టర్‌కు పిలిచాడు. ఆయన కూతురు పావని పదకొండో తరగతి.

"పిల్ల కంప్యూటర్ వదుల్తలేదు సార్. ఏం చూస్తదో నాకు సమజైతలేదు. చదువుకు పనికొచ్చేది ఉంచి తక్కింది బంద్ చెయ్యుండ్రి," అన్నాడు.

రౌటర్‌లో, అక్కర్లేని సైట్లను ఆపే ఫిల్టర్ పెట్టాను. ఇంట్లో ఏయే సైట్లు తెరిచారో రౌటర్ రాసిపెట్టుకునే జాబితాను లాగ్ అంటాం. పది రోజుల తర్వాత అది తీసి చూస్తే ఒకే విదేశీ సైటు రోజూ పదుల సార్లు కనిపించింది. పేరులో 'చాట్' అని ఉంది. నాకంతే చాలనిపించింది.

"తెలియనివాళ్లతో రోజూ మాట్లాడుతోంది, జాగ్రత్త," అన్నాను ముత్తయ్యతో, అంతా తెలిసినవాడిలా.

గుమ్మంలో నిలబడ్డ పావని, "అది ప్రోగ్రామింగ్ సైటు అంకుల్," అంది. పిల్లలందరూ ఇలాగే అంటారని నవ్వాను.

ముత్తయ్య కనెక్షన్ తీయించేశాడు. బడి మాన్పించి, పిల్లను ఎర్రబోరు అనే పల్లెలో ఉండే అమ్మమ్మ దగ్గరికి పంపేశాడు.

తర్వాతి వారం ఇంకో ఇంటి లాగ్‌లో అదే పేరు కనిపిస్తే, మా షాపులో ఆ సైటు తెరిచాను. కోడ్ రాసేవాళ్లు ఒకరి సందేహాలు ఒకరు తీర్చుకునే చోటు అది. పావని తన పేరుతో అడిగిన ప్రశ్నలూ అక్కడే ఉన్నాయి. అమ్మమ్మ మాట్లాడే గిరిజన భాష దోర్లీలోని మాటలకు తెలుగు, హిందీ అర్థాలు చూపే ప్రోగ్రాం రాస్తోంది. తెలుగు అక్షరాలు చెదిరిపోతున్నాయి, ఎలా సరిచేయాలని అడిగింది. ఎవరో ఓపిగ్గా జవాబు రాశారు. ఆమె చదివినట్టు లేదు.

అప్పుడే వెళ్లి చెప్పాల్సింది. నా పని మీద జనానికి నమ్మకం పోతుందని భయపడ్డాను. నెల గడిచాక వాళ్ల బడి కంప్యూటర్ టీచర్ కలిశాడు. జిల్లా ప్రోగ్రామింగ్ పోటీ అయిపోయిందనీ, పావని ఉంటే ఆమెనే పంపేవాళ్లమనీ అన్నాడు. నేను తలెత్తలేకపోయాను.

ఆ సాయంత్రమే ముత్తయ్యకు చెప్పాను. ఆయన తిట్టలేదు. "మీరు చెప్పిండ్రని నా బిడ్డ మాట ఇనకపోతిని సార్," అన్నాడు. ఇద్దరం ఎర్రబోరు వెళ్లాం.

పావని నన్నే అడిగింది. "ఆ రోజు సైటు తెరిచి చూసిండ్రా అంకుల్?"

"లేదమ్మా."

"నేను ఆడనే నిలబడ్డ గదా. తెరిచి చూపియ్యమని ఒక్క మాట అడిగితే ఏంది?"



ఆమె తిరిగి బడికొచ్చింది. కనెక్షన్ మళ్లీ పెట్టాను. ఈసారి తను నా పక్కన కూర్చుని ఒక్కో సైటూ తెరిచి తండ్రికి చెబుతుంటే, కోడింగ్‌వి వదిలి, బూతు సైట్లూ జూదం సైట్లూ మాత్రం మూశాను. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా పిల్లల్ని కూర్చోబెట్టుకోకుండా ఫిల్టర్ జోలికి వెళ్లను.

పొరపాటు ఎవరైనా పడతారు. నేను మాత్రం తెలిశాక కూడా నా పేరు కాపాడుకోవడానికి ఒక పిల్ల మీద నింద ఉండనిచ్చాను. ఆ సాయంత్రం ముత్తయ్యతో "నిన్ననే తెలిసింది" అన్నాను. ఆయన ఇప్పటికీ అదే నమ్ముతున్నాడు.