బలం గోలీలు

పక్కింటి ఆంటీ పోయారు. కోవిడ్‌తో ఆసుపత్రికి వెళ్ళినావిడ తిరిగి రాలేదు. వాళ్ళాయన ఫోన్లో ఆ మాట చెప్పి, "మీరు పైలం అమ్మా" అని పెట్టేశారు. ఈ చలికాలమంతా ఇలాంటి ఫోన్లే. ఏడ్చే ఓపిక కూడా లేక వంటగదిలో అలా కూర్చుండిపోయాను.

డబ్లిన్ పక్కన బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా రెండిళ్ళ పెరళ్ళకూ మధ్య ఒక చెక్క కంచె. మొదటి లాక్‌డౌన్ నుంచీ మా స్నేహమంతా దాని మీదుగానే. ఆవిడది కరీంనగర్, మాది గుంటూరు. ఆవిడ భారీ మనిషి. కాళ్ళు లాగుతున్నాయన్నా, మెట్లెక్కలేకపోతున్నానన్నా ఇంట్లోవాళ్ళూ చుట్టాలూ చెప్పేది ఒకటే: తగ్గు, నడువు. తగ్గడం కోసం ఆవిడ పాలూ పెరుగూ గుడ్డూ మానేశారు. ఒళ్ళు తగ్గలేదు, ఓపిక తగ్గింది.

చివరికి జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, రక్తం పరీక్ష చేయించి, విటమిన్ డి, బి12 బాగా తక్కువున్నాయని మాత్రలు రాశాడు. నెల గడిచినా ఆవిడ నీరసం అలాగే ఉంది. అడిగితే, మాత్రల డబ్బా వంటింటి ప్రెస్‌లోంచి, అదే అలమరలోంచి, కదలనే లేదని తేలింది.

"బలం గోలీలు నాకెందుకు బిడ్డా? ఇప్పటికే ఇంత బలిసి ఉన్న. అవి గూడ ఏస్కుంటె తలుపుల వట్ట!"

నాకు నవ్వాగలేదు. మనవాళ్ళకు బలానికి మందంటే ఒళ్ళు రావడానికే కదా. "ఇవి లావు చేసేవి కాదు ఆంటీ. ఒళ్ళున్న ఆడవాళ్ళలో ఇవి తక్కువగా ఉండటం మామూలేనంట. మీ డాక్టరే చెప్పాడుగా" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "అంటే నేను బద్ధకంతోని కూసుంటలేనన్నట్టే గద?" అన్నారు. ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఏళ్ళ తరబడి ఎదురుచూసినట్టున్నారు.

మాత్రలు మొదలుపెట్టాక మెల్లగా కోలుకున్నారు. బట్టల బుట్ట తనే మోసుకొచ్చి ఆరేసేవారు. లావు మాత్రం అంతే. "ఒళ్ళు సంగతి వేరు, పానం సంగతి వేరు" అనేవారు. ఇక ఎవరు నీరసమన్నా వదిలితేనా! "రక్తం చూపిచ్చుకున్నవా?" అని వెంటపడేవారు.

నాదీ ఆవిడలాంటి ఒళ్ళే. ఆఫీసూ బడీ ఇంట్లోనే నడిచిన ఆ రోజుల్లో, పొద్దున లేస్తూనే అలిసిపోయి ఉండేదాన్ని. పెరట్లో నిలబడి జీపీతో ఫోన్లో మాట్లాడుతుంటే, కాస్త బరువు తగ్గితే యూ విల్ బీ గ్రాండ్, అంతా సర్దుకుంటుంది అన్నాడు. సరేనని పెట్టేయబోతుంటే కంచె అవతలి నుంచి కేక: "పెట్టకు! రక్తం పరీక్ష అడుగు!"

అడిగాను. నాకూ విటమిన్ డి అడుగంటింది. ఆ కేక లేకపోతే ఇవాళ్టికీ నన్ను నేనే తిట్టుకుంటూ ఉండేదాన్ని.

అంత్యక్రియలకు కొద్దిమందినే రానిచ్చారు. మిగతావాళ్ళం సాయంత్రం జూమ్‌లో కలిశాం. బంధువుల్లో ఒక పెద్దాయన అన్నారు: "మనిషి బలంగనే ఉండె. ఆమెకేమైతది తియ్యి అనుకున్నం."

అందరూ తలలూపారు. ఆంటీ కూతురు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మ్యూట్ తీసింది.

"నో. మమ్మీ వాజ్ టైర్డ్. ఫర్ ఇయర్స్, లైక్."

ఆ అమ్మాయి మళ్ళీ మ్యూట్ పెట్టడం మర్చిపోయింది. ఆ గదిలో వాళ్ళ నాన్న ఏడుపు ఆపుకోలేక దగ్గడం చాలాసేపు మాకందరికీ వినిపిస్తూనే ఉంది.