తుపాకీ అప్పగించే ముందు

మా చిన్నతనంలో బర్మాలో, తామ్వే పేటలోని మా ఇంట్లో బీరువా వెనక ఒక జోడు గొట్టాల తుపాకీ ఉండేది... పక్కపక్కనే రెండు గొట్టాలు, కింద రెండు మీటలు. అది తాతది. తాత పోయాక లైసెన్సు నాన్న పేరు మీదికి మారింది.

నాన్న ఊరి నడిబొడ్డున, చౌక్తడాలో ఒక ఆఫీసులో గుమాస్తా. వారమంతా తలొంచుకుని పనిచేసే మనిషి. చలికాలం వస్తే మాత్రం ఆయన నడకే మారిపోయేది. పెగూ కొండల కింద పల్లెలో ఆయన స్నేహితుడు కో తాన్ ఉండేవాడు, బర్మా మనిషి. ఇద్దరూ కలిసి జింకల వేటకి వెళ్లేవారు. తెచ్చిన మాంసం మా వీధి వీధంతా పంచేవాళ్లం...

ఒక చలికాలం ఆఖర్న, లైసెన్సు తుపాకులు కూడా పోలీసు స్టేషనుకి తెచ్చి అప్పగించాలని ఆర్డరు వచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. సోమవారం గడువు. అప్పటికే బజార్లో తూటాలు దొరకడం లేదు. నాన్న దగ్గర రెండే మిగిలాయి, అవీ ఎప్పటివో.

శనివారం నాన్న సంచి సర్దుతూ నన్నూ రమ్మన్నాడు.

"గుంటని అడివికి తీసుకెల్తావేటి?" అంది అమ్మ.

"సూడనీయే... మల్లీ సూద్దారన్నా ఉండదు."

అమ్మ లేచి వెళ్లి నా స్వెట్టరు తీసి ఇచ్చింది.

రైల్లో పెగూ దాకా, అక్కణ్ణుంచి ఎడ్లబండిలో... ఆదివారం తెల్లారేసరికి ముగ్గురం అడవిలో ఉన్నాం. టేకాకులు ఎండి నేలంతా పరుచుకుని ఉన్నాయి. అడుగు వేస్తే అప్పడం విరిచినట్టు చప్పుడు. కో తాన్‌ని నేను "ఉలే" అనేదాన్ని, మనం చిన్నాన్నా అన్నట్టు. ఆయన నన్ను "తమీ" అనేవాడు... కూతురా అని.

ఉలే ఒక పచ్చి ఆకు తెంపి, పెదాల మధ్య పెట్టి ఊదాడు. సన్నగా, చంటిపిల్ల ఏడ్చినట్టు వచ్చింది.

"ఏటది నాన్నా?" అన్నాను మెల్లగా.

"జింకపిల్ల అరుపు. పిల్లకేటో అయిందనుకుని తల్లొస్తాది."

రావద్దు, రావద్దు అని లోపల అనుకుంటూనే ఉన్నాను...

వచ్చింది. ఎర్రటి చిన్న జింక. ముందుకాలు ఒకటి ఎత్తి, చెవులు నిక్కబొడుచుకుని, అరుపు ఎక్కణ్ణుంచా అని వెతుకుతోంది. నాన్న తుపాకీ ఎత్తాడు.

మొదటి దెబ్బకి పడిపోయింది. మళ్లీ లేచింది. వెనక కాలు వేలాడుతోంది. నాన్న రెండో మీట నొక్కాడు... టక్కుమంది, అంతే. మళ్లీ నొక్కాడు. జింక వెదుర్లలోకి వెళ్లిపోయింది.

నాన్న తుపాకీని నడుమ దగ్గర మడిచి తెరిచి, పేలని ఆ తూటా తీసి చూశాడు. "సెమ్మ పట్టేసినాది," అన్నాడు తనలో తను.

నెత్తురు మరకలు పట్టుకుని నడిచాం. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇక వదిలేద్దామని ఉలే బర్మా భాషలో అన్నాడు. ఎక్కడో అక్కడ పడి అదే పోతుందిలే అన్నాడు. నాన్న కూడా బర్మాలోనే అడిగాడు. "గాయం చేసి వదిలేసి ఎప్పుడైనా ఇంటికెళ్లామా మనం?"

ఎండిన వాగులో దొరికింది. ఇంకా ఊపిరి ఉంది. పొదుగు నిండుగా ఉంది, పాలు చెమరుస్తున్నాయి. నాన్న అదే తూటాని మొదటి గొట్టంలో పెట్టి చూశాడు. పేలలేదు. నాన్న ఉలే నడుముకున్న కత్తి అడిగి తీసుకుని, జింక పక్కన కూర్చున్నాడు. మెడ మీద చెయ్యి వేశాడు. కత్తి ఎత్తాడు, మళ్లీ దించేశాడు.

ఉలే కత్తి వెనక్కి తీసుకున్నాడు. "తమీని తీసుకుని అటు తిరుగు," అన్నాడు.

తిరిగాం. నాన్న నా మొహాన్ని తన పొట్టకి అదుముకున్నాడు.

అంతా అయిపోయాక వెదుర్లలోంచి ఒక సన్నటి అరుపు... నేను ఉలే వైపు చూశాను. ఆయన నోట్లో ఆకు లేదు. తడిసిన కత్తి పట్టుకుని, ఆయన కూడా అటే చూస్తున్నాడు.

సాయంత్రం దాకా వెతికాం. ఉలే ఆకు ఊదుతూ తిరిగాడు. పిల్ల దొరకలేదు. తర్వాత అరుపు కూడా వినపడలేదు. మాంసం పల్లెలోనే వదిలేసి వచ్చేశాం.

సోమవారం నాన్న తుపాకీకి నూనె రాసి, అమ్మ పాత చీరముక్కలో చుట్టి స్టేషనుకి తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను. అక్కడ తుపాకులు కట్టెలు పోసినట్టు పోసి ఉన్నాయి. పోలీసులు చీరముక్క విప్పి నాన్న చేతిలో పెట్టి, తుపాకీని ఆ పోగు మీదికి విసిరేశారు. బయట టీ కొట్లో కూర్చున్నాం. నాన్న టీ చెప్పాడు. తాగలేదు.

ఆ తర్వాత నాన్న చాలా ఏళ్లు బతికాడు. అడవి మాట ఎత్తలేదు. ఉలే ఒకసారి తామ్వే వచ్చాడు. ఇద్దరూ వరండాలో కూర్చుని ఉప్పు ధర గురించి మాట్లాడుకున్నారు...

ఇప్పుడు నాన్న లేడు, ఉలే లేడు. ఉలే పల్లెలో కూడా ఎవరూ లేరట. మొన్న సైన్యం జరిపిన కాల్పులకి ఎటు పోయారో తెలియదు. ఆయన మనవడి ఫోను కలవడం మానేసి చాలా రోజులైంది. నేను మాత్రం రోజూ ఒకసారి చేస్తాను.

మా అబ్బాయికి వయసొచ్చింది. సైన్యంలోకి పట్టుకెళతారని వాణ్ణి వీధి చివరికి కూడా పంపను. ఇదంతా చెబితే బర్మా భాషలో అడిగాడు, "జింకని చూడ్డానికి అంత దూరం ఎలా వెళ్లారమ్మా... దారిలో ఎవరూ ఆపలేదా?" అని.

ఇది చదివేవాళ్లు, మీ నాన్నలు మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లేవారో కింద రాయండి... ఇక్కడ కరెంటు వచ్చినప్పుడు చదువుకుంటాను.