దానయ్య పర్చీ

రాయ్‌పూర్ దగ్గర సిల్తారాలో, స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేసిన దానయ్యకు ఆయాసం పాతదే. 2011 చలికాలంలో అది ముదిరి ఆస్పత్రిలో పడ్డాడు. ఇంటికి పంపుతూ డాక్టరు ఏడు రోజులకు స్టిరాయిడ్ మాత్రలు రాసిచ్చాడు. మూడో రోజుకే దానయ్య ఆగకుండా మెట్లెక్కాడు. అంత మంచి పర్చీ, ఆ మందుల చీటీ, నలిగిపోకూడదని లామినేషన్ చేయించాడు.

ఆపైన ఆయాసం అనిపించినా, అనిపించకపోయినా ఆ పర్చీ చూపించి కొని, రోజుకిన్ని మాత్రలు మింగాడు. ఏడాదికి ముఖం గుండ్రంగా అయింది. "రాయ్‌పూర్ నీళ్లు ఇప్పటికి ఒంటబట్టాయిరా!" అని తోటివాళ్లంటే మురిసిపోయాడు. గిన్నె తగిలినా కమిలిపోయే ఆ చేతులు చూసి భార్య దాలమ్మకు మాత్రం దిగులు.

ఒకరోజు అలవాటైన మందుల దుకాణం మూసి ఉంటే ఇద్దరూ మరో దుకాణానికి వెళ్లారు. అక్కడ కూర్చునేది త్రివేణి, రైల్వేలో పనిచేసే తెలుగువాళ్ల అమ్మాయి.

"తాతా, ఇది ఏడు రోజుల పర్చీ. అదీ పోయినేడాదిది."

"అయితే ఏటమ్మా? నీళ్లలో ఏసినా చెక్కు సెదరదు, సూడు!"

"కాగితం బాగానే ఉంది. నువ్వే పాడయ్యావ్. రోజూ వేసుకుంటున్నావా?"

దానయ్య పర్చీ కోసం చెయ్యి చాపాడు.

"రోజూనే తల్లీ," అంది దాలమ్మ. "ఇయ్యాల్టి నుంచి ఒక్కటీ ముట్టనివ్వను. అన్నీ పారేత్తాను."

త్రివేణి గబగబా బయటికొచ్చింది. "అరే, ఆ పని చెయ్యకు అమ్మమ్మా! ఇన్నాళ్లు వేసుకుని ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. రేపటి మాత్ర తప్పనీయకు. పొద్దున్నే డాక్టర్ సాబ్‌కి చూపించు."

రెండు మాత్రలిచ్చి, డాక్టరుకు ఓ చీటీ రాసింది. పాత పర్చీ తిరిగివ్వలేదు.

"పట్టపగలు దొంగతనం!" అని దారంతా గొణిగాడు దానయ్య.

డాక్టరు మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాడు. ఏడు నెలలు పట్టింది. కీళ్ల నొప్పులు, నీరసం, ఊరికే కోపం. అన్నీ దాలమ్మ భరించింది. పొద్దున, సాయంత్రం డాక్టరిచ్చిన ఇన్‌హేలర్ పంపు పీల్పించి, నోరు పుక్కిలించేదాకా పక్కనే నిలబడేది.

తర్వాత దానయ్య ఎనిమిదేళ్లు బతికాడు. మధ్యలో రెండుసార్లు ఊపిరాడక ఆస్పత్రికి వెళ్తే గట్టెక్కించినవి ఆ మాత్రలే. అయితే డాక్టరు చెప్పినన్నాళ్లే వేసుకున్నాడు. అందుకే దాలమ్మ వాటిని ఎన్నడూ తిట్టలేదు.

ఆయన పోయాక, పదకొండో రోజుకు ఎవరెవరిని పిలవాలని మరిది అప్పారావు అడిగితే, దాలమ్మ మొదట త్రివేణి పేరు చెప్పింది.

"ఆ పిల్ల మనకేటవుద్ది వదినా?"

"ఏటీ కాదు. మీ అన్నని ఇన్నేళ్లు నా ఇంట్లో ఉంచింది."